బ్రూనో వాళ్ల నాన్నగారు

మియాపూర్ వైపు ఏ పెద్ద అపార్ట్‌మెంటుకు వెళ్లినా ఇలాంటి ఒకాయన ఉంటారు. ఆయనకూ ఓ పేరుంటుంది గానీ దాంతో ఎవరికీ పని పడదు. వాచ్‌మన్‌కీ పాలబ్బాయికీ ఆయన బ్రూనో వాళ్ల నాన్నగారు, అంతే. బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ ఇన్‌స్పెక్షన్ వదల్లేదు.

అమెరికాలో ఉన్న కూతురు, అక్కడి జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ తయారుచేసిన విషమొక్కల జాబితా పంపింది. ఆ రోజుతో ఆయనకు మళ్లీ ఒక ఫైలు దొరికింది. ప్రింటు తీయించారు, లామినేషన్ చేయించారు, ఎర్ర చుక్కల స్టిక్కర్లు కొన్నారు. ఇక ఏ సాయంత్రం ఎవరి గంట మోగుతుందో తెలీదు.

"అమ్మా, ఒక్క నిమిషం. మీ బాల్కనీ చూడొచ్చా?"

టీ పుచ్చుకుంటారు. బిస్కెట్టు ఇస్తే సగం జేబులో వేసుకుంటారు, బ్రూనోకి. తర్వాత మనీప్లాంటు కుండీకి చుక్క అంటిస్తారు.

"అంకుల్, అది మా అత్తగారు పెట్టింది. తీస్తే ఊరుకోరు."

"బ్రూనో నమిలితే?"

"బ్రూనో మా ఇంటికి ఎప్పుడొచ్చాడండీ?"

"రాకూడదనేముందమ్మా?"

పాపం బ్రూనోకి ఈ గొడవేదీ పట్టదు. ఒళ్లొచ్చిన లాబ్రడార్. ఇంతవరకూ నమిలినవి చెప్పులు, ఒక టీవీ రిమోటు. ఆకుల్లో గరిక తప్ప ఇంకోటి ముట్టింది లేదు.

ఆయన చెప్పేది అబద్ధమని కాదు. మనీప్లాంటు, డిఫెన్‌బాకియా, చేమ, కంద అన్నీ ఒకే కుటుంబం. వాటిలో కాల్షియం ఆక్సలేటు సూదుల్లా ఉంటుంది. కుక్క నమిలిందా, నాలుకలో దిగబడి నోరు మండుతుంది, వాస్తుంది, చొంగ కారుతుంది, వాంతులవుతాయి. కంద తరిగే ఇల్లాలికి ఈ సంగతి ఏ జాబితా చెప్పనక్కర్లేదు. చేతికి నూనె రాసుకుని తరుగుతుంది, చింతపండు వేసి ఉడికిస్తుంది. రెండో అంతస్తు మామ్మగారైతే "కందకు లేని దురద కత్తిపీటకెందుకు నాయనా" అని మొహం మీదే అనేశారు. ఆయన నొచ్చుకోలేదు. కళ్లజోడు సవరించుకుని జాబితాలో కంద ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టారు.

ఆయనతో చిక్కల్లా చుక్కల్లోనే ఉంది. వాటిలో చిన్నా పెద్దా లేదు. కలబంద నమిలితే వాంతులు, విరేచనాలు. గన్నేరు నమిలితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోవచ్చు. కిడ్నీ రాళ్లు కరుగుతాయని సగం ఫ్లాట్లవాళ్లు పెంచుకునే రణపాల కూడా కుక్క గుండె మీద పనిచేసేదే. అన్నింటికీ ఒకే సైజు, ఒకే ఎరుపు.

గేటుకి ఇటూ అటూ బిల్డరు పెట్టించి వెళ్లిన సైకస్ మొక్కలున్నాయి. నిజంగా భయపడాల్సింది వాటికి. మొక్కంతా విషమే, గింజల్లో మరీ ఎక్కువ. ఒకటి రెండు గింజలు తిన్నా కుక్క కాలేయం దెబ్బతిని చచ్చిపోవచ్చు. ఆ మాటా ఆయన కమిటీకి రాశారు. కాకపోతే పద్నాలుగో పాయింటుగా రాశారు, మనీప్లాంటుకీ కలబందకీ స్నేక్‌ప్లాంటుకీ తర్వాత. సెక్రటరీగారు మూడో పాయింటు దగ్గరే నవ్వి కాగితం మడిచేశారు. సైకస్ అలాగే ఉంది. ఆ విషయంలో మాత్రం నా ఓటు ఆయనకే.

వినాయక చవితికి ఆయన ప్రతాపం మండపందాకా వచ్చింది. పంతులుగారు ఇరవైయొక్క పత్రి పేర్లు చదువుతుంటే ఈయన పక్కన నిలబడి లెక్కపెట్టారు. కరవీరమంటే గన్నేరు. దత్తూరమంటే ఉమ్మెత్త. అర్కమంటే జిల్లేడు.

"పంతులుగారూ, మూడు తీసేసి పద్దెనిమిదితో కానిచ్చెయ్యకూడదూ? కుక్కలు తిరిగే చోటు."

పంతులుగారు చెయ్యి ఆపలేదు. "స్వామి వాహనం ఎలుకండీ. కాలభైరవుడి పూజ పెట్టించండి, అప్పుడు ఆలోచిద్దాం."

పూజయ్యాక అందరూ విస్తరాకు దొన్నెల్లో పులిహోర తింటున్నారు. బ్రూనో వాళ్ల నాన్నగారు మిరపకాయలు జాగ్రత్తగా ఏరి, ముద్ద చేసి, వాడి నోటికి అందించబోయారు. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివే మూడో అంతస్తు అమ్మాయి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అంకుల్, చింతపండు! ద్రాక్ష, కిస్మిస్ తిని కుక్కల కిడ్నీలు పాడవడానికి టార్టారిక్ ఆమ్లమే కారణమని అనుమానిస్తున్నారు. చింతపండు నిండా అదే. తిని జబ్బుపడ్డ కుక్కల కేసులు 2022లో జర్నల్లో కూడా వచ్చాయి."

"ప్రసాదమమ్మా ఇది!" అన్నారాయన. తర్వాత ముద్ద వంక చూశారు, బ్రూనో వంక చూశారు, ఇంకేం మాట్లాడలేదు. ముద్ద ఆయనే తినేశారు.

ఆ రాత్రి చాలాసేపు వాళ్ల హాల్లో లైటు వెలుగుతూనే ఉంది. తెల్లారేసరికి లిఫ్టులో కొత్త కాగితం, పైన ఎర్ర చుక్క:

"ఫ్లాట్ల వారందరికీ విజ్ఞప్తి. చారు, పులుసు, పులిహోర మిగిలితే మెట్ల దగ్గర పెట్టరాదు. వీలైనంతవరకు వండకపోవడమే మంచిది."