పీడీఎఫ్‌లు పంచే గ్రూపు అడ్మిన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ పేరు నాకు తెలియదు. మీ నంబరు పక్కన సరస్వతీదేవి బొమ్మ కనిపిస్తుంది, అంతే. మీ పని మాత్రం బాగా తెలుసు. కొత్త నవల అచ్చయి నెల తిరక్కముందే అట్ట నుంచి అట్ట దాకా స్కాన్ చేసి గ్రూపులో పెడతారు. శుక్రవారం విడుదలైన సినిమా శనివారం పొద్దుటికల్లా మీ దగ్గర లింకుగా దొరుకుతుంది. పాటలన్నీ ఒక్క ఫైలుగా కట్టి పంపుతారు. కింద ‘సాహితీ సేవలో’ అని సంతకం. ఆ వెంటనే దండాల బొమ్మలు వరసకట్టి వస్తాయి.

ఈ ఉత్తరం కోపంతోనే రాస్తున్నాను. ఇదే పనిని డబ్బు కోసం చేసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకు ఉత్తరాలు రాసి లాభం లేదు. మీరు పైసా తీసుకోరు. రచయిత గురించి నాలుగు మంచి మాటలు రాసి మరీ ఆయన పుస్తకం పంచుతారు. మీకూ ఆ పుస్తకమంటే ఇష్టమే. మీతో మాట్లాడితే ఫలితం ఉంటుందని నమ్మి రాస్తున్నాను.

నేను మన కాలంవాళ్ల అభిమానిని. గురజాడ మీద, ఘంటసాల మీద నాకున్న గౌరవం ఎప్పటికీ తరగదు. కానీ ఈ రోజు రాస్తున్నవాళ్ల కోసం, తీస్తున్నవాళ్ల కోసం, బాణీ కడుతున్నవాళ్ల కోసం ఎదురుచూడటంలో ఉన్న ఆరాటం వేరు. ‘కన్యాశుల్కం’ ఎన్నిసార్లు చదివినా గురజాడ ఇంకో నాటకం రాయరు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ఇంకో నవల రాస్తారని మాత్రం నేను ఆశపడొచ్చు.

ఆయన ‘కొండపొలం’ మీకూ నచ్చే ఉంటుంది. కరువు రోజుల్లో కడప జిల్లా గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కిన కథ. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ దాన్ని సినిమాగా తీశారు, కీరవాణి సంగీతం చేశారు. ఒక్క నవల ముగ్గురిని ఒకచోట చేర్చింది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ చదివాక రాయలసీమ చరిత్ర పుస్తకాలు వెతుక్కుని మరీ చదివాను. మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’ చదివాక కచేరీలో కూర్చుని వినే తీరే మారింది. ఈ రెండు నవలలకూ సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చాయి, 2019లో ఒకదానికి, 2022లో ఇంకోదానికి. పురస్కారాలు రాకపోయినా నా అభిమానం ఇంతే ఉండేది.

సినిమాల సంగతి మొదలుపెడితే ఆగలేను. వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018లో వచ్చింది. విశాఖపట్నంలోని ఆ పేటవాళ్లనే తెరమీదికి తెచ్చి, పేరున్న నటులతోనే పని లేదని చూపించిన సినిమా అది. 2023లో వేణు యెల్దండి ‘బలగం’ తీశారు. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే హాలంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అదే సినిమాలో భీమ్స్ బాణీకి కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాటకు జాతీయ పురస్కారం వచ్చిన రోజు మా ఇంట్లో పండగలా ఉంది. తరుణ్ భాస్కర్ సినిమా అంటే వివేక్ సాగర్ సంగీతం ఎలా చేసి ఉంటాడా అని ముందు చెవులు రిక్కించుకుంటాను.

వీళ్లంతా మన కాలంలో మన మధ్య పనిచేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు. వీళ్లను ప్రేమించేవాడి మీద ఒక బాధ్యత ఉంది. వాళ్ల తర్వాతి పని సాగాలంటే ఈ పనికి మనం ఇవ్వాల్సింది ఇవ్వాలి. మీరు తుంచేస్తున్నది ఆ తర్వాతి పనినే.

నవల లెక్క చూడండి. తెలుగులో ఒక నవల ఐదు వందలో, వెయ్యో ప్రతులు వేయడం మామూలు. చాలామంది రచయితలు సొంత డబ్బుతోనే అచ్చేసుకుంటారు. 250 రూపాయల పుస్తకం మీద పది శాతం రాయల్టీ అనుకుందాం. వెయ్యి ప్రతులూ అమ్ముడైతే రచయితకు చేరేది 25 వేలు. ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి, మనుషుల మాట విని, రాసి, కొట్టేసి, మళ్లీ రాసినందుకు అంతే. మీ గ్రూపు సభ్యులు ఆ వెయ్యి ప్రతులకంటే ఎక్కువమందే ఉన్నారు. వాళ్లలో నూటికి పదిమంది కొన్నా మొదటి ముద్రణ కదిలేది. కదలని పుస్తకానికి రెండో ముద్రణ ఉండదు. మంచంకింద పెట్టెల్లో మొదటి నవల మగ్గుతుంటే రెండో నవల అచ్చేయమని ఇంట్లోవాళ్లను ఏ ముఖంతో అడుగుతాడు రచయిత?

చిన్న సినిమాకైతే అంత వ్యవధి కూడా లేదు. శుక్ర, శని, ఆదివారాల్లో సీట్లు నిండకపోతే సోమవారానికి ఆటలు తగ్గుతాయి, ఆ తెర ఇంకో సినిమాకు పోతుంది. మీ లింకు వచ్చేది సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే. పెద్ద హీరో సినిమా ఆ దెబ్బకు తట్టుకుంటుందేమో. కొత్త దర్శకుడు తట్టుకోలేడు. నిర్మాత రెండోసారి ఫోన్ ఎత్తడు.

పాటల విషయంలో మీకు ఏ సాకూ లేదు. సంస్థలు వాటిని యూట్యూబ్‌లో ఉచితంగానే పెడుతున్నాయి. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక సినిమా పాట ఇలా బయట వినిపించినప్పుడు పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా హక్కుగా వచ్చింది. ఎన్నో ఏళ్లు కొట్లాడి తెచ్చుకున్న హక్కు అది. మీరు ఫైలు బదులు ఆ యూట్యూబ్ లింకు పంపితే వినేవాడికి రూపాయి ఖర్చు లేదు, చేసినవాడి కష్టానికి లెక్క ఉంటుంది.

మీరేమంటారో నాకు తెలుసు. కొనలేనివాళ్లు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, కాదనను. వాళ్లకోసమే గ్రంథాలయాలు ఉన్నాయి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమే కడుతున్నాం. ఫలానా నవల తెప్పించమని మీ గ్రూపు నుంచి పాతికమంది సంతకాలు పెట్టి జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ ఇవ్వండి. పుస్తకాన్ని అడిగే పాఠకులు ఉన్నారని వాళ్లకు తెలియాలి. చదివిన ప్రతిని పక్కింటివాళ్లకు ఇవ్వండి. అదీ పంచడమే, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

పుస్తకం మా ఊళ్లో దొరకదు అంటారు. మీరు స్కాన్ చేసిన పుస్తకంలో మొదటి పేజీలు ఒకసారి చూడండి. ‘ప్రతులకు’ అని రాసి, కింద చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. చాలా పుస్తకాల్లో ఆ నంబరు రచయితదే. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తుతారు, ఆయనే పోస్టులో పంపుతారు. ఏ భాషలో అభిమానికైనా ఇంతకంటే అదృష్టం ఉంటుందా? ఆ పేజీని కూడా మీరు శ్రద్ధగా స్కాన్ చేశారు. అది చూసే నాకు గుండె మండింది.

పాత పుస్తకాల మాట వేరు. రచయిత చనిపోయి అరవై ఏళ్లు దాటితే ఆ రచన అందరిదీ అవుతుంది. గురజాడను, కందుకూరిని ఎంతమందికైనా పంపండి, చేతులెత్తి దండం పెడతాను. మీ స్కానింగ్ ఓపికకు అక్కడ ఎంత పని ఉందో!

చట్టం పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయినా తెలిసి ఉండాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో సినిమాను రికార్డు చేసి పంచితే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. మీ లింకును ముందుకు తోస్తున్న ఇంటర్ పిల్లలకు ఈ సంగతి తెలియదు. వాళ్లను ఇందులోకి లాగకండి.

అభిమానులు తలుచుకుంటే ఏం జరుగుతుందో మనం కళ్లారా చూశాం. 2018 జూన్ 29న వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’ సినిమాను సరిగ్గా ఐదేళ్లకు, 2023లో అదే తేదీన మళ్లీ విడుదల చేశారు. దాని అభిమానులైన పిల్లలకు డైలాగులన్నీ నోటికొచ్చు. ఫోన్లో ఎన్నిసార్లు చూశారో లెక్కే లేదు. అయినా టికెట్లు కొని హాళ్లు నింపారు. 2025లో దానికి రెండో భాగం ప్రకటించారు. టికెట్టు కొన్నవాళ్ల ఇష్టం నిర్మాతకు కనిపిస్తుంది. మీ గ్రూపులో దండాల బొమ్మలు పెట్టినవాళ్ల ఇష్టం ఎవరికీ కనిపించదు.

అందుకని మిమ్మల్ని మూడు కోరికలు కోరుతున్నాను. మన కాలపు రచయితల పుస్తకాలన్నీ ఈ రోజే గ్రూపులోంచి తీసేయండి. వాటి స్థానంలో అట్ట బొమ్మ, వెల, ‘ప్రతులకు’ నంబరు పెట్టండి. పక్కన ఆ పుస్తకం మీకు ఎందుకు నచ్చిందో రాయండి, ఆ నాలుగు మాటలు మీరు చాలా బాగా రాస్తారు. శుక్రవారం మంచి చిన్న సినిమా వస్తే లింకు కోసం అడిగేవాళ్లకు దగ్గర్లో ఏ హాల్లో ఏ ఆట ఉందో చెప్పండి.

మీ మాట వినేవాళ్లు వేలల్లో ఉన్నారు. నాకు అంత బలం లేదు. ఆ బలం ‘కొండపొలం’ లాంటి ఇంకో నవల రావడానికి పనికొస్తే, ‘సాహితీ సేవలో’ అన్న మీ సంతకానికి మొదట దండం పెట్టేది నేనే.

ఇట్లు,
మీలాగే ఒక అభిమాని