ముంపుకు ట్రూ అప్ ఎప్పుడండీ?

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి,



2014 నుంచి 2019 దాకా కరెంటు పంపిణీకి అయిన అసలు ఖర్చు అప్పట్లో లెక్కకు అందలేదని తేల్చి, 2022 ఆగస్టు నుంచి ట్రూ అప్ పేరిట మా దగ్గర వసూలుకు తమరు అనుమతిచ్చారు. పాత కిరాయిదారు కాల్చిన కరెంటుకు మేమెందుకు కట్టాలని జనం గొణిగారు. నేను మాత్రం లోలోపల సంతోషించాను. ఖర్చు ఎప్పుడు జరిగినా, లెక్కలోకి రాకపోతే తర్వాతైనా రావాల్సిందేనన్న ధర్మసూక్ష్మాన్ని తమరే తేల్చేశారు కదా! అదే ధైర్యంతో ఒక పాత పద్దు తమ ముందు పెడుతున్నాను.

పద్దు పేరు శ్రీశైలం. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900. బొగ్గు కొనే పని లేదు, రైలు వ్యాగన్ల కోసం ఎదురుచూపుల్లేవు. ఇంతకన్నా చౌక కరెంటు లేదని ఇంజనీర్లు మురిసిపోతారు. మురవనివ్వండి. కానీ ఆ నీళ్లు నిలబడ్డ చోట కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు దాదాపు వంద ఉండేవి, లక్షమంది బతికేవారు. 1981లో పోలీసులను దింపి, ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. నష్టపరిహారం ఒక్కసారి చేతిలో పెట్టి ఆ పద్దు మూసేశారు. నేల అయితే ఏటా పండేది. టర్బైన్లకు మాత్రం ఇప్పటికీ ఏటా పంటే.

1986లో 98వ నంబరు జీవో వచ్చింది, ముంపు కుటుంబానికో ఉద్యోగం అని. ఊరు పోయినవాడి కొడుక్కి, ఆ ఊరిని ముంచిన శాఖలోనే లష్కరు ఉద్యోగం! అదైనా అందరికీ దక్కిందా? '98 జీవో వాళ్లు' అని వాళ్లకో పేరు మాత్రం స్థిరపడింది. ఆ జీవో అమలు చేయండంటూ టెంట్లు వేసుకుని కూర్చున్నవారిలో తలలు నెరిసినవారున్నారు. రాష్ట్రం రెండు ముక్కలయ్యాక వాళ్లూ రెండు ముక్కలయ్యారు. గట్టుకో పవర్‌హౌస్ చొప్పున పంచుకోవడం నిమిషంలో పని. నిర్వాసితుల బాకీ దగ్గరికొచ్చేసరికే ఎవరి వాటా ఎంతో తేలదు.

తమ కార్యాలయం ఇప్పుడు కర్నూలులోనే ఉంది కాబట్టి ఒక చిన్న ప్రయాణం సూచిస్తాను. వేసవిలో జలాశయం బాగా తగ్గాక సంగమేశ్వరం వెళ్లండి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండే గుడి అది. లోపల వేప మొద్దు లింగం. నీళ్లు తీయగానే పూజారి బురద కడిగి దీపం పెడతారు. ఎగువన వరద మొదలై నీళ్లు గర్భగుడి గడప తాకితే ఆఖరి హారతి ఇచ్చి గట్టెక్కేస్తారు. దేవుడికైనా ఏడాదికోసారి సొంత చోటు కనిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆ భాగ్యం కూడా లేదు.

మరో చిన్న సంగతి. యంత్రాలకు తరుగుదల కింద ఏటా ఖర్చు చూపిస్తే తమరు ఒప్పుకుంటారు. జలాశయం తరుగుదల మాటేమిటి? 308 టీఎంసీల చోటు పూడిక చేరి 215కు దిగింది. ఆ ఒండ్రు డెల్టాకు చేరాల్సింది. అక్కడ తీరం కోసుకుపోతుంటే ఆ ఖర్చు పవర్‌హౌస్ ఖాతాలో పడదు, ఒడ్డున ఉన్నవాడి నెత్తిన పడుతుంది.

కనుక విన్నవించేదేమంటే, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, ఇంధన సర్దుబాటు ఇన్ని వరసలున్న మా బిల్లులో 'ముంపు సర్దుబాటు' అని ఇంకొక వరస చేర్చండి. యూనిట్‌కు ఎన్ని పైసలో తమ లెక్కల నిపుణులే తేల్చాలి. నాలుగు దశాబ్దాల వడ్డీ మరిచిపోవద్దు, డిస్కంల విషయంలో తమరెప్పుడూ మరిచిపోలేదు. వసూలైన డబ్బు మాత్రం డిస్కంల ఖాతాలో వేయకండి. అక్కడ పడ్డది తిరిగి కనపడాలంటే సంగమేశ్వరుడిలా వేసవి దాకా ఆగాలి.

దీని మీద బహిరంగ విచారణ ఒకటి ఆత్మకూరులో, ఒకటి కొల్లాపూర్‌లో పెట్టించండి. అభ్యంతరాలు ఇన్ని ప్రతుల్లో, ఇన్ని జతపత్రాలతో పంపాలని షరతు పెట్టకండి. చాలామంది పట్టాలు ఇళ్లతోపాటే మునిగాయి. కొల్లాపూర్ తమ పరిధి కాదంటారేమోనని ఈ లేఖ నకలు హైదరాబాద్‌లోని తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి వారికి కూడా పంపుతున్నాను. మీరిద్దరూ కలిసి కూర్చోవడానికి శ్రీశైలంలో సత్రాలకు కొదవ లేదు.

ఇట్లు,
ఠంచనుగా బిల్లు కట్టే ఒక వినియోగదారుడు