పెళ్ళికూతురు కావలెను, వయసు ఎనిమిదేళ్ళు

మన దేశంలో ఆడపిల్లకి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే రెండేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే పెళ్ళి కెమెరా ముందు చేస్తే రేటింగు, అవార్డు, పక్క భాషల్లో డబ్బింగ్ హక్కులు. ఆ శిక్ష వేసే చట్టం 2007 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2008 జులై 21న, కలర్స్ అనే కొత్త హిందీ ఛానల్ పుట్టింది. పుట్టిన రోజునే అది తలపెట్టిన శుభకార్యం ఎనిమిదేళ్ళ పిల్లకి పెళ్ళి. సీరియల్ పేరు 'బాలికా వధూ'. కథలో పిల్ల పేరు ఆనంది. ఆ వేషం కట్టిన అవికా గోర్ అనే ముంబై అమ్మాయికి అప్పటికి పదకొండేళ్ళు. మూడేళ్ళు తగ్గించి చెప్పారన్నమాట. పెళ్ళి సంబంధాల్లో వయసు తగ్గించి చెప్పడం మనకి కొత్తేమీ కాదు గానీ, ఆ వయసులో కూడా తగ్గించడం మాత్రం అక్కడే చూశాం.

మా టీవీ వాళ్ళు దాన్ని 'చిన్నారి పెళ్ళికూతురు' చేసి మన నట్టింట్లో కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో ఇటు ఉప్పల్ నుంచి అటు నాచారం దాకా, మా జవహర్‌నగర్‌తో సహా, సీరియల్ టైముకి ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళు కూడా యాడ్స్ పడ్డాకే దొరికేవి. తెర మీద ఆ అత్తింటి నాయనమ్మ దాదీసా కళ్ళెర్రజేస్తే ఇక్కడ స్టవ్ మీద పప్పు మాడేది. "పసిపిల్లని అంత రాచిరంపాన పెడతారా, వీళ్ళ చేతులు పడిపోనూ" అని తిట్టిన నోళ్ళే, యాడ్స్ రాగానే, ఇంటర్ తప్పిన మేనకోడలికి ఏదైనా సంబంధం ఉంటే చూడమని పక్కింటావిడకి చెప్పేవి. సీరియల్ వేరు, సంసారం వేరు. కన్నీళ్ళు మొదటిదానికి, కట్నం రెండోదానికి.

ఈ సీరియల్ గొడవ పార్లమెంటు దాకా కూడా పోయింది. ఇది బాల్యవివాహాల్ని ప్రోత్సహిస్తోందా, ఖండిస్తోందా అని పెద్దలు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఉత్తుత్తి పెళ్ళి మీద అంత చర్చ జరిగింది గానీ, ఆ పిల్ల చేస్తున్న నిజం ఉద్యోగం మీద మాత్రం జరగలేదు. మన తెలుగు టీవీ కళాకారులు డబ్బింగ్ సీరియళ్ళు వద్దని రోడ్డెక్కారు. వాళ్ళ పొట్ట కొడుతున్నారని వాళ్ళ గోల, అది న్యాయమే. అయిదో తరగతో ఆరో తరగతో చదవాల్సిన పిల్ల తెల్లారి లేచి షూటింగుకి ఎందుకు పోతోందని ఏ భాషలోనైనా ఎవరైనా రోడ్డెక్కినట్టు గుర్తు లేదు. ఎపిసోడ్ అయిపోగానే తెర మీద ఒక నీతివాక్యం వచ్చేది. పిల్లల బాల్యాన్ని దోచుకోవద్దని చెప్పడానికి ఒక బాల్యం కావలసి వచ్చింది. డైలీ సీరియల్ కాబట్టి రోజూ కావలసి వచ్చింది.

సరే, నీతి చెప్పడానికే ఆ పిల్లని పీటల మీద కూర్చోబెట్టారనుకుందాం. మరి తర్వాత? 2011 ఏప్రిల్‌లో అదే ఛానల్ 'ససురాల్ సిమర్ కా' మొదలుపెట్టింది. పేరులోనే అత్తవారిల్లు ఉంది. అందులో రోలీ అనే చెల్లెలి వేషం అవికదే. అప్పటికి ఆమెకి ఇంకా పద్నాలుగు నిండలేదు. కథ నడిచేకొద్దీ రోలీకి పెళ్ళయింది, ఆ అత్తవారింట్లోనే కోడలైంది, కోడలి కష్టాలన్నీ పడింది. ఈసారి మాత్రం నీతివాక్యాల అవసరం కనబడలేదు. ఎందుకంటే ఇది బాల్యవివాహం మీద సీరియల్ కాదు, మామూలు సీరియల్. మొన్నటిదాకా ఆమె పెళ్ళికూతురు కావడమే నేరమని ఊరంతా చాటిన ఛానల్‌కి, మూడేళ్ళు తిరిగేసరికి అదే పిల్లని కోడల్ని చేయడం వేళకి అన్నం వడ్డించినంత సహజంగా తోచింది. చూసిన మనకీ అలాగే తోచింది. బొట్టు పెద్దది చేసి, చీర కడితే చాలు, వయసు లెక్క ఎవరికీ పట్టదు. ఈ రోలీ అక్క సిమర్, తర్వాతి రోజుల్లో, ఆ సీరియల్లోనే ఈగగా మారింది. మన రాజమౌళి ఈగ పగ తీర్చుకుంది. వాళ్ళ ఈగ కోడలు, ఇల్లు దాటి ఎక్కడికి పోతుంది పాపం!

ఇక మన వంతు వచ్చింది. 2013 డిసెంబరు 25న 'ఉయ్యాల జంపాల' విడుదలైంది. బావామరదళ్ళ కథ. చక్కటి గోదావరి గాలి, కొత్త కుర్రాడు రాజ్ తరుణ్, పక్కన మన చిన్నారి. హాల్లో ఈలలు. ఆమెకి పదహారేళ్ళు. ముంబై వాళ్ళు ఆమెని పెళ్ళికూతుర్ని చేశారు, కోడల్ని చేశారు. మనం తక్కువ తిన్నామా, మరదల్ని చేసుకున్నాం. మరుసటి ఏడాది వచ్చిన సినిమా పేరు 'లక్ష్మీ రావే మా ఇంటికి'. ఇది టైటిలా, పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి చెప్పిన తీర్పా? 2015లో 'సినిమా చూపిస్త మావ'. ఆ మావ ఎవరో వేరే చెప్పాలా, పిల్లనివ్వనని భీష్మించిన మావే. ఆ సినిమా వచ్చేనాటికి గానీ ఆమెకి చట్టప్రకారం పెళ్ళీడు రాలేదు. ఓటు హక్కు రాకముందే ఇన్నిళ్ళలో దీపం పెట్టిన అమ్మాయి మరొకరు ఉన్నారేమో నాకైతే తెలియదు.

సినిమాలు చెడ్డవని కాదు. 'ఉయ్యాల జంపాల' నేనూ నవ్వుతూనే చూశాను. నా పేచీ వేరు. పిల్ల నటి పెద్దదైతే ఏం చేయాలి అనే ప్రశ్నకి మన తెరల దగ్గర ఒకటే జవాబు ఉంది, ఆ జవాబుకి పసుపు రాసి ఉంటుంది.

మగపిల్లల సంగతి చూడండి. తేజ సజ్జా 1998లో 'చూడాలని వుంది'లో బుడ్డోడు. 'ఇంద్ర'లో మళ్ళీ బుడ్డోడు. తర్వాత తన చదువేదో తను చదువుకున్నాడు. తిరిగొచ్చి 2021లో జాంబీల్ని కొట్టాడు, 2024 సంక్రాంతికి 'హను-మాన్' అయ్యాడు. మగపిల్లాడు పెద్దవాడైతే ఆంజనేయస్వామి శక్తి వస్తుంది. ఆడపిల్ల పెద్దదైతే అత్తగారు వస్తుంది. కావ్య కల్యాణ్‌రామ్ 2003లో 'గంగోత్రి'లో చిన్నపిల్ల, సరిగ్గా ఇరవై ఏళ్ళకి 'బలగం'లో హీరోయిన్. అంత మంచి సినిమాలోనూ మొదట్లో హీరోగారి లెక్క ఏమిటంటే, ఈ పిల్లని చేసుకుంటే అప్పులు తీరతాయి.

ఇన్ని పీటల మీద నుంచి లేచి అవిక ఏమైంది? మనం ఊహించని పనులు కొన్ని చేసింది. తెల్లబడే క్రీముల ప్రకటనలు వస్తే వద్దంది. ఒళ్ళు పెరిగిందని జనం అన్నప్పుడు, అద్దంలో తనని తను చూసుకుని ఏడ్చిన రోజుల గురించి దాచకుండా రాసింది. 2023లో 'పాప్‌కార్న్' అనే తెలుగు సినిమాకి నిర్మాతల్లో తనూ ఒకరైంది. డబ్బు పెట్టేవాళ్ళ కుర్చీలో కూర్చుంది. మన దగ్గర దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. నిర్మాత కుర్చీలో పెళ్ళికూతురు మేకప్ ఉండదు కదా.

జనం మళ్ళీ ఎప్పుడు మాట్లాడుకున్నారంటే, 2025 సెప్టెంబరు 30న. ఆ రోజు ఆమె తన ఇష్టప్రకారం, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, తను కోరుకున్నవాడిని పెళ్ళి చేసుకుంది. ఒక టీవీ షో సెట్‌లో. ఏ ఛానల్ అంటారా? కలర్స్. పదిహేడేళ్ళ కిందట ఉత్తుత్తి పెళ్ళి చేసిన ఆ ఛానలే అసలు పెళ్ళి కూడా దగ్గరుండి జరిపించింది. ఆమె పెళ్ళి ఆమె ఇష్టం, అక్షింతలు వేయడమే మన పని. కానీ ఛానల్ వ్యాపార దక్షతకి మాత్రం దండం పెట్టకుండా ఉండలేం. కన్నతల్లిదండ్రులు కూడా ఒక్క పిల్లకి ఒక్కసారే కన్యాదానం చేస్తారు. వీళ్ళు ఒకే పిల్లకి రెండుసార్లు చేసి, రెండుసార్లూ ప్రకటనలు అమ్ముకున్నారు. ఇక్కడ మన ఫోన్లలో వచ్చిన మాట ఒకటే: "అయ్యో, మన చిన్నారి అప్పుడే ఇంతదైందా!" పదిహేడేళ్ళు మనం ఏం చేస్తున్నామో మరి.

ఈ లోగా ప్రభుత్వం ఊరుకుందా? ఊరుకోలేదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఎక్కడా పని చేయరాదు. రెండు మినహాయింపులు. ఒకటి ఇంటి పని, ఇంటి వ్యాపారం. రెండోది సినిమాలు, సీరియళ్ళు, ప్రకటనలు, ఇతర వినోదాలు, ఆటలు, సర్కస్ తప్ప. మళ్ళీ చదవండి: సర్కస్ తప్ప. తాడు మీద నడవడం పిల్లలకి ప్రమాదమని చట్టానికి తెలిసింది. టీవీ డాన్స్ షోలో ఆరేళ్ళ పిల్ల ఐటం పాటకి నడుము తిప్పుతుంటే ముగ్గురు జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం సర్కస్ కాదు, వినోదం. 2019 జూన్‌లో కేంద్ర సమాచార శాఖ ఛానళ్ళకి ఒక సలహా పంపింది, పెద్దల పాటలకి పిల్లల చేత అలాంటి స్టెప్పులు వేయించకండి బాబూ అని. సలహా అంటే ఏమిటో మనకి తెలుసు. పెళ్ళిలో మేనమామ ఇస్తాడు చూడండి, అదీ.

2017 నిబంధనలు మాత్రం చదివితే ముద్దొస్తాయి. పిల్ల రోజుకి అయిదు గంటలకి మించి పని చేయరాదు, మూడు గంటలకి ఒకసారి విశ్రాంతి. వరసగా ఇరవై ఏడు రోజులకి మించి పిలవరాదు. చదువు ఆగరాదు. అయిదుగురు పిల్లలకి ఒక బాధ్యుడు ఉండాలి. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. అంటే ఎన్టీఆర్ స్టూడియో కట్టిన మా నాచారంలో ఒక సీరియల్ పాప ఏడవాలంటే, మేడ్చల్–మల్కాజిగిరి కలెక్టరుగారు ముందు సంతకం పెట్టాలి. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆమె పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజర్ అయ్యాక ఆమెకే ఇవ్వాలి.

ఈ ఆఖరి నిబంధన వెనక ఒక అమెరికా పిల్లాడు ఉన్నాడు. 1921లో చాప్లిన్ 'ది కిడ్'లో ప్రపంచాన్ని ఏడిపించిన జాకీ కూగన్. మూడు నాలుగు మిలియన్ల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక నా డబ్బేదని అడిగితే తల్లీ, సవతి తండ్రీ అంతా ఖర్చు పెట్టేశారు. 1938లో సొంత తల్లి మీదే కేసు వేశాడు, చేతికొచ్చింది లక్షా ఇరవై ఆరు వేల డాలర్లు. దాంతో 1939లో కాలిఫోర్నియాలో ఆయన పేరు మీదే చట్టం వచ్చింది. మనకి అలాంటి నిబంధన రావడానికి ఇంకో 78 ఏళ్ళు పట్టింది. ఎందుకంటే మన దగ్గర అమ్మ మీద కేసు వేసే పిల్లాడు లేడు, అమ్మ సెంటిమెంటు పాటకి ఏడ్చే పిల్లాడే ఉన్నాడు.

మొన్న మా గల్లీలో ఉండే చెల్లె ఫోన్ పట్టుకుని వచ్చింది. "అన్నా, జర గీ మెసేజ్ జూడుండ్రి. ఛానలోల్లట. మా చిన్నదాని ఫోటోలు పంపమంటుండ్రు." చూశాను. డైలీ సీరియల్‌కి 5 నుంచి 8 ఏళ్ళ పాప కావలెను. పొడుగు జుట్టు ఉండవలెను. గ్లిజరిన్ లేకుండా ఏడవగలగాలి. తల్లి వెంట ఉండవలెను. స్కూలు గురించి ఒక్క ముక్క లేదు, డబ్బు గురించి అరముక్క లేదు.

"ఏడుస్తదా మరి?" అన్నాను.

"అయ్యో, గదేం మాట! ఏడ్వు బిడ్డా, మామకు సూపెట్టు."

ఆరేళ్ళ పిల్ల నా వైపు తిరిగింది. కింది పెదవి ముందుకొచ్చింది. గడ్డం వణికింది. కళ్ళు నిండాయి, ఎడమ కంట్లోంచి ఒక చుక్క బుగ్గ మీదకి జారింది. కుడి కంట్లోది రెప్ప మీదే ఆగింది. వాళ్ళమ్మ "చాలు" అనగానే మోచేత్తో తుడుచుకుని, కుర్‌కురే ఇప్పిస్తానన్నావు కదా అంది. ఫోన్‌లో రీల్స్ చూసి నేర్చుకుందట. నేర్పిన వాళ్ళెవరూ లేరు.

"ఉప్పల్ల మెట్రో ఎక్కితే సక్కగ యూసుఫ్‌గూడల దిగొచ్చన్నా, అమీర్‌పేటల మారే పని గూడ లేదు. ఆయనకు తెల్వకుండ రెండు దినాలు పోయొస్త."

నేను పెద్దరికం మీదేసుకుని పైన చెప్పిందంతా విడమరిచాను. అయిదు గంటలు, ఇరవై ఏడు రోజులు, కలెక్టరు సంతకం, సర్కస్ తప్ప. ఆమె శ్రద్ధగా విన్నది. వేషం ఏమిటో కనుక్కున్నావా అని అడిగాను.

"పెండ్లి పిల్లట అన్నా. పట్టులంగ వాళ్ళే ఇస్తరట."

చివరికి ఆ 20 శాతం సంగతి చెప్పాను. పిల్ల పేరు మీద, జాతీయ బ్యాంకులో, మేజరయ్యే దాకా ముట్టుకోవడానికి వీల్లేదని. ఆమె ఒక్క క్షణం వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

"బ్యాంకుల ఎందుకన్నా, ఏమొస్తది దాంట్ల? మీ ఇంటామె నడిపే చిట్టీల ఏస్తే నడవదా?"