పై గాలి రుచి చూసిన పతంగిని

నేను ధూల్‌పేటలో పుట్టిన పతంగిని. పల్చటి ఎర్ర కాగితం, నిలువుగా ఒక వెదురు పుల్ల, అడ్డంగా విల్లులా వంచిన ఇంకో పుల్ల. ఇంతే నా ఒళ్లు. సంక్రాంతి ముందు గుల్జార్‌హౌజ్ దగ్గర మావాళ్లు కట్టలు కట్టలుగా అమ్ముడుపోతుంటే, నన్ను గౌలిపురా పిల్లాడొకడు కొనుక్కుపోయాడు. వాడితో డాబా ఎక్కినవాడు వాడి మేనమామ. పరిగి అవతల గాలిమరల దగ్గర మెయింటెనెన్స్ పని ఆయనది. ఆయన దారం చుట్టిన చరఖా పట్టాడు కాబట్టే నా కథలో ఇన్ని లెక్కలు చేరాయి.

పాతబస్తీ గల్లీలో గాలికి ఒక దారంటూ ఉండదు. గోడకు కొట్టుకుని, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి, పక్కింటి రేకుల మీద పడి ముక్కలైపోతుంది. వదలగానే రెండు పల్టీలు కొట్టాను.

"గాలి లేదు మామా."

"పైన ఉన్నది రా. ఢీల్ ఇడువు."

దారం వదిలేకొద్దీ కుదుపులు తగ్గాయి. ఒక ఎత్తు దాటాక గాలి ఒకే వైపు నుంచి, ఒకే ఊపున వచ్చి నా కాగితాన్ని బిగదీసింది. చరఖా దానంతటదే గిరగిరా తిరిగింది.

తెలంగాణ మొత్తానికీ ఇదే వర్తిస్తుందని అప్పుడే విన్నాను. జాతీయ పవన శక్తి సంస్థ అంచనాల్లో నూరు మీటర్ల ఎత్తున ఈ రాష్ట్రానికున్న సామర్థ్యం 4 వేల మెగావాట్ల పైచిలుకు. 120 మీటర్లకు వెళ్తే దాదాపు 25 వేలు. 150 మీటర్ల దగ్గర 54 వేలు దాటుతుంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది మరి. చార్మినార్ మినార్లకు రెండింతలు మించిన స్తంభాలు ఊరికే నిలబెట్టరు. కానీ ఇన్నాళ్లకు ఇక్కడ పెట్టింది 128 మెగావాట్లు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 4 వేలు దాటింది.

అక్కడా సాఫీగా సాగలేదు. 1990లలో రామగిరి గుట్టల మీద పెట్టినవి చిన్న మిషన్లు, పొట్టి స్తంభాలు. గాలి బాగా వీచే చోట్లు ముందే వాటికి పోయాయి. కల్పవల్లిలో ఇంకో రకం దెబ్బ. ముష్టికోవెల చుట్టుపక్కల రైతులు, గొర్రెల కాపరులు ఏళ్ల తరబడి కాపాడి తిరిగి పెంచుకున్న అడవి అది. గాలిమరల కోసం ఆ గుట్టలు తొలిచి రోడ్లు వేశారు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పొగ రాని కరెంటు కాబట్టి ఊరివాళ్లను అడగక్కర్లేదనుకోవడం అన్యాయం. బంజరు అని కాగితంలో రాసిన నేల మీదే మేకలు మేస్తాయి, చీపురు గడ్డి కోసుకుని ఆడవాళ్లు నాలుగు డబ్బులు చూస్తారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు డబ్బు. బొగ్గు ప్లాంటుకు రోజూ బొగ్గు కొనాలి. గాలి ఊరికే వస్తుంది, కానీ ఖర్చు దాదాపు అంతా మొదటిరోజే పెట్టాలి, అదీ అప్పు తెచ్చి. వడ్డీ ఒక్క శాతం పెరిగినా యూనిట్ ధర మీద పడుతుంది. మనలాంటి దేశంలో అప్పు చవగ్గా పుట్టదు. అందుకే పాతికేళ్ల ఒప్పందం మీద బ్యాంకుకు నమ్మకం ఉండాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయని వాటిని తిరగదోడబోయింది. ఒప్పుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పిచ్చింది. ధర ఎక్కువనిపిస్తే తర్వాతి టెండర్‌లో గట్టిగా బేరమాడాలి. చేసిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటే రేపు వచ్చేవాడు ఆ భయానికీ కలిపి ధర చెబుతాడు. దారం నమ్మకమైనదైతేనే నేను పైకి పోతాను. నాకు తెలిసిన ఆర్థికశాస్త్రం అదే.

గాలికీ కాలముంది. యాసంగి వరికి మోటార్లు నడిచే ఫిబ్రవరి, మార్చిలో అది మందగిస్తుంది. నైరుతి వచ్చాక జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాని రాజ్యమే. మబ్బు కమ్మి సోలార్ పలకలు డీలాపడే రోజుల్లో, పొద్దు గూకాక కూడా రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు పొలం మోటారుకు ఆ కరెంటు ప్రాణం. గాలి, సోలార్ రెండూ ఒకే లైనుకు కలిపితే ఆ లైను ఖాళీగా ఉండే గంటలు తగ్గుతాయి. అందుకు ముందు ఆ లైను వేయాలి. మిషన్లు సిద్ధమైనా సబ్‌స్టేషన్ సిద్ధం కాకపోతే ఎంత గాలి వీచినా వృథాయే.

ఒక మాట మాత్రం నన్ను పొంగించింది. తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న మారిషస్‌లో జర్మన్ సంస్థ ఒకటి పెద్ద పతంగినే ఎగరేసి కరెంటు తీసి చూసిందట. అది తాడు లాగుతుంటే కింద చరఖా తిరిగి, ఆ తిరుగుడే జనరేటర్‌ను నడుపుతుంది. ఇంకా ప్రయోగాల దశే అన్నాడు మామ. అయితేనేం, మా జాతి పని అది!

పిల్లాడు వెంటనే అందుకున్నాడు. "మన డాబా మీద ఒక గాలిమర పెడ్దామా మామా?"

"వద్దు రా. కింద ఎట్ల కొట్టుకున్నదో చూస్తివి గదా, ఈ గాలి దానికి సరిపోదు. మీ డాబాకు సోలారే కరెక్టు. గాలి కరెంటు పరిగి నుంచి తీగల మీద రావాలె."

"అక్కడ ఎట్లుంటది?"

"జులైల ఓ ఐతారం రా, తీస్కపోత. రెక్క కింద నిలవడి సప్పుడు ఇను. గిప్పుడైతే ఎడమకు గుంజు, ఆ నల్ల పతంగి మీదికొస్తున్నది!"