మేనమామకి పావలా వెలుతురు

సీఎస్‌పురం మండలంలో ఓణీల ఫంక్షన్ జరిగినా, సీమంతం జరిగినా భోజనాల్లో ఎవరికీ లోటు రాదు. లోటంతా హాల్లో తీసిన గ్రూపు ఫోటోలోనే. ముందు కూర్చున్నవాళ్ళ మొహాలు తెల్లగా పాలిపోయి ఉంటాయి, వెనక నిలబడ్డ మేనమామలు ఉన్నారో లేరో తెలియదు. దీనికి అందరూ చెప్పే మందు ఖరీదైన ఫోను. నన్నడిగితే ఆ డబ్బులో పదోవంతు సున్నానికి పెడితే చాలు. వెలుతురు కొనక్కర్లేదు, మళ్ళించుకోవాలి.

లెక్క చూద్దాం. దూరం రెట్టింపైతే వెలుతురు సగానికి కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్లాషుకి మీటరున్నర దూరంలో కుర్చీలో ఉన్న అవ్వకి రూపాయి వెలుతురు అందితే, మూడు మీటర్ల అవతల నిలబడ్డ మేనమామకి పావలా అందుతుంది. తను రాయించిన చదివింపులకీ దీనికీ పొంతన లేదని ఆయన అలిగితే న్యాయమే. అందుకే ఫ్లాషు ఆపి, షామియానా వాళ్ళ దగ్గర రెండు ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు అద్దెకి తెచ్చి స్లాబు వైపు తిప్పండి. వెలుతురు పైకెళ్ళి, తెల్లటి కప్పుకి తగిలి, హాలంతా పరుచుకుని దిగుతుంది. రెండు వరసలకీ ఇంచుమించు సమానంగా అందుతుంది, ముక్కుల కింద నీడలు మెత్తబడతాయి. మంచి సున్నం తన మీద పడ్డ వెలుతురులో ముప్పాతికకి పైగా తిరిగి ఇచ్చేస్తుంది. చేబదులు తీసుకున్నవాళ్ళలో అంత నిజాయితీ ఎక్కడుంది?

ఈ కిటుకు మన మండలానికి కొత్త కాదు. భైరవకోనలో కార్తీక పౌర్ణమి నాటి వెన్నెల సెలయేటి నీళ్ళ మీద పడి, అక్కణ్ణుంచి కొండలో తొలిచిన గుడిలోని అమ్మవారి మీదకి ప్రసరిస్తుందని చెబుతారు, చూడ్డానికి జనం కట్టలు కట్టుకుని వెళతారు. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ నాటి స్టూడియోలూ అంతే. గాజు కప్పుల్లోంచి దిగే పగటి వెలుతురుని తెరలతో అదుపు చేసుకుని పని కానిచ్చేవి. మన హాళ్ళకి వచ్చిన చిక్కల్లా నల్లటి నాపరాయి నేల. అదీ మార్కాపురం పలకలాగే వెలుతురు మింగేస్తుంది. దాని మీద తెల్ల దుప్పటి పరవండి, చీకటి మూలన థర్మాకోల్ షీటు నిలబెట్టండి. పగలైతే జనాన్ని కిటికీకి ఎదురుగా నిలబెట్టాలి. వీపు పెట్టి నిలబడితే చక్కగా వచ్చేది కిటికీ ఊచలే. చిలకపచ్చ గోడ జోలికి పోవద్దు, అది ఆ పక్కనున్న మొహాలన్నిటికీ కామెర్లు అంటగడుతుంది.

కొత్త ఫోన్లలో నైట్ మోడ్ ఉంది కదా అంటారు. ఉంది. అది వరసగా కొన్ని ఫోటోలు తీసి ఒకదానిగా కలుపుతుంది. అందాకా కదలకుండా ఉండేది గోడ మీది పటంలోని తాతగారొక్కరే. చంకలో పిల్లాడికి మూడు చేతులొస్తాయి. వెలుతురు చాలినంత ఉంటే షట్టర్ సెకనులో వందో వంతు పెట్టవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బులు సెకనుకి వందసార్లు మినుకుమన్నా ఫోటోలో చారలు పడవు. ఆరుబయట తీసుకోవచ్చుగా అనేవాళ్ళు మే నెల మిట్టమధ్యాహ్నం పట్టుచీరలవాళ్ళతో ఆ మాట అని చూడాలి. అద్దె ఇంటికి సున్నం ఎవరు కొట్టిస్తారన్నది మాత్రం గట్టి ప్రశ్నే. వాళ్ళకి థర్మాకోలే గోడ.

ఇంత చేసినా ఒక బాబాయి కళ్ళు మూసుకునే ఉంటాడు. ఆయన మీద ఏ సున్నమూ పనిచేయదు. పదిసార్లు నొక్కడమే మార్గం. దానికయ్యే ఖర్చల్లా, పక్క పందిట్లో విస్తళ్ళు వేశారని విన్న బంధువుల ఓపిక.