ఎదురు డబ్బిచ్చే చదువు

అమీర్‌పేటలో చదువుకు ఒక ధర్మం ఉంది: ముందు ఫీజు, తర్వాత విద్య, ఆపైన దైవాధీనం. మైత్రీవనం దగ్గర నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. ఒకప్పుడు ఒరాకిల్, జావా; ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్. డెమో మాత్రం ఎప్పుడూ ఫ్రీ.

మా అక్క కొడుకు కరీంనగర్‌లో ఐటీఐ పాసయ్యాడు. వెల్డర్ ట్రేడ్, ఏడాది కోర్సు. ఆ మరక కడిగేయడానికే అక్క వాణ్ణి పంజాగుట్టలో నా దగ్గరికి తోలింది, ఏదైనా కంప్యూటర్ కోర్సులో పడేయమని. వాడు డెమోలన్నీ బుద్ధిగా విన్నాడు. విని, బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరిపోయాడు.

"ఫీజెంతట?" అంది అక్క ఫోన్లో.

"ఫీజు లేదక్కా, వాళ్ళే ఎదురిస్తరట."

అవతల కాసేపు చప్పుడు లేదు. "పైసలు తీస్కోకుంట పని నేర్పేటోడు ఎవడుంటడు తమ్మీ? కిడ్నీలు తీస్తరేమో, మంచిగ అర్సుకో."

అర్సుకున్నాను. కిడ్నీల ప్రస్తావన లేదు గానీ 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి నెలకు కనీసం 7,000 స్టైపెండ్ ఇవ్వాలని 2019 నిబంధనలు అన్నాయి. 2016లో వచ్చిన జాతీయ పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, 1,500 దాటకుండా, కేంద్రం భరిస్తుంది. మెలిక కూడా ఉంది. చట్టం లెక్కలో వాడు కార్మికుడు కాడు, నేర్చుకునేవాడు. ఒప్పందంలో రాసుకుంటే తప్ప, గడువు తీరాక ఉద్యోగం ఇచ్చితీరాలనేం లేదు. పైగా ఏడు వేలకు అమీర్‌పేట హాస్టల్లో మంచం దొరికినా మిగిలిన ఖర్చులకు దిక్కుండదు. అందుకే మా ఇంట్లోనే తింటున్నాడు. అలా ఈ శిక్షణలో కంపెనీ వాటా, కేంద్రం వాటా, నా వాటా ఉన్నాయి. నాది మాత్రం ఏ పథకంలోనూ రాయలేదు.

వాడితో సాయంత్రం పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడవడం ఒక శిక్ష. జనం షాపుల్లో బట్టలు చూస్తారు, వీడు షట్టర్ల అతుకులు చూస్తాడు. హోర్డింగు కాళ్ళు, గుడి గేటు, టిఫిన్ సెంటర్ మెట్ల రెయిలింగు, అన్నీ తడిమి మార్కులేస్తాడు. "కరెంటు ఎక్కువ పెట్టిండు మామా, అంచు తిని గాడి పడ్డది." ఆ రెయిలింగు పట్టుకుని దిగుతున్న పెద్దాయన చెయ్యి తీసేశాడు.

ఎస్సార్ నగర్ సందులో ఒక గ్రిల్లుల షాపు ముందు ఆపేశాడు. నేను మెరుపు వైపు చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "చూడకు, రాత్రికి కళ్ళు మండి నిద్ర పట్టది. విను."

విన్నాను. మూకుట్లో మిర్చిబజ్జీలు వేగుతున్న చప్పుడు, ఎక్కడా తెగకుండా.

"గట్లుంటే చెయ్యి కుదిరినట్టు. దూరం జరిగితే నిప్పులు చిమ్ముతది, మరీ దగ్గరయితే రాడ్డు అతుక్కుంటది." గ్రిల్లు చల్లారాక షాపతను చిన్న సుత్తితో కొట్టాడు. నల్లటి పెచ్చు లేచిపోయి, కింద తెల్లటి కుట్టు వరసగా బయటపడింది. ఆ పెచ్చే స్లాగు. కరిగిన ఇనుముకు గాలి తగలకుండా రాడ్డు మీది పూత అలా కప్పుతుందట.

"మా ఉస్తాద్‌కు 6జీ వచ్చు మామా."

"మా గల్లీలో 5జీయే సరిగ్గా రాదు కదరా!"

పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ అతికించాలట. అదీ 6జీ. అది పాసైతే గల్ఫ్‌లో గిరాకీ ఉంటుందని చెబుతూ నన్ను జాలిగా చూశాడు.

కబురు మా ఇంటి ఓనర్‌కు చేరింది. ఆదివారం పొద్దున్నే విరిగిన గేటు రెక్కతో దిగాడు. "బాబూ, నేర్చుకుంటున్నావటగా. ఇది అతికించు, నీకూ ప్రాక్టీస్ అవుతుంది."

వాడు రెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ప్రాక్టీసుకు కంపెనీ పైసలిస్తుందంకుల్. మీరెంతిస్తరు?"

వచ్చే నెల నుంచి మా అద్దె పెరుగుతోంది.