గురించి బాబాయి

రెవెన్యూ ఆఫీసులో రికార్డు సెక్షను చూసి రిటైరైన పెద్దమనిషి ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. తోటి పెన్షనర్లు పొద్దున్నే పార్కులోకి వెళతారు, ఈయన 'మై డాక్యుమెంట్స్'లోకి వెళతాడు. మా వీధిలో ఈయన్ని వెనకాల 'గురించి బాబాయి' అంటారు. ఏ కాగితానికి పేరు పెట్టినా చివర 'గురించి' పడాల్సిందే మరి. గ్యాసు రాలేదని రాసిన ఉత్తరం పేరు: "గృహము – వంటగది – సిలిండరు – జాప్యము – గురించి." చిన్నమ్మాయి శుభలేఖ పేరు: "కుటుంబము – వివాహములు – ద్వితీయ కుమార్తె – ముసాయిదా – ఆమోదము – గురించి." ఆమోదించాల్సిన అధికారి పిన్నిగారు. ఆవిడ రెండుసార్లు తిప్పి పంపారు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హామ్ పద్ధతిలో పెరిగిన మనిషి. ఆ పద్ధతిలో ప్రతి కాగితానికీ ఒక నంబరు, ఒక విషయం ఉండాలి. పని అయ్యాక ఎన్నాళ్ళు దాచాలో కూడా రాయాలి. ఎల్.డిస్. అంటే ఏడాది, డి.డిస్. అంటే పదేళ్ళు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. పిన్నిగారు చెప్పిన కూరగాయల జాబితాను కూడా ఆయన వర్డ్‌లో కొట్టి, ఎల్.డిస్. చేసి, ఏడాది దాచేవాడు. వంకాయలు మర్నాటికే కుళ్ళిపోయేవి, జాబితా మాత్రం పదిలం.

కంప్యూటరే ఆయనకి లొంగలేదు. డాస్ రోజుల్లో ఫైలు పేరంటే ఎనిమిది అక్షరాలు, చుక్క, ఇంకో మూడు. ఇంగ్లీషులో కొడితే ఎనిమిదింట్లో 'కుటుంబము' కూడా పట్టదు. 1995లో వచ్చిన విండోస్ ఆ హద్దును 255కి పెంచితే బాబాయి పొంగిపోయాడు. కానీ మొదటి ఫైలు నంబరు దగ్గరే ఆగిపోయాడు. పేరులో ఏటవాలు గీత ఉండకూడదట. కోలన్ కూడదు, ప్రశ్నార్థకం కూడదు. "గీత లేకపోతే అది ఫైలు నంబరెలా అవుతుందయ్యా, ఫోను నంబరవుతుంది గానీ!" అని చాలాకాలం మథనపడ్డాడు.

అప్పుడు దొరికింది ఆ ఉచిత ప్రోగ్రాము. ఎక్కడో ఎవరో తీరిగ్గా రాసి ఊరికే పంచిపెట్టింది, ఓ ఫ్లాపీలో పట్టేటంత. వర్డ్ ఫైలుకి బయట కనిపించే పేరు కాక లోపల 'టైటిల్' అని ఇంకో గడి ఉంటుంది. అందులో గీతలు, కోలన్లు ఎన్నయినా రాసుకోవచ్చు. లోకంలో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఈ ప్రోగ్రాము మాత్రం ఫైలు పేరు వంక చూడనైనా చూడదు. ఫోల్డరు చూపిస్తే చాలు, ప్రతి డాక్యుమెంటు లోపలికీ వెళ్ళి టైటిల్ చదివి, అక్షరక్రమంలో వరస పెట్టేస్తుంది. వరస మీద నొక్కితే కాగితం తెరుచుకుంటుంది. అంతకుమించి దానికేమీ రాదు. బాబాయికీ అంతకుమించి అక్కర్లేదు.

"పెదనాన్నా, ఎక్స్‌ప్లోరర్‌లోనే టైటిల్ కాలమ్ ఉంది, పైన కుడి క్లిక్కు కొడితే వస్తుంది" అన్నాడు వాళ్ళ తమ్ముడి కొడుకు. బాబాయి వాడివైపు కొత్తగా చేరిన గుమాస్తాని చూసినట్టు చూశాడు. వాడి పెన్‌డ్రైవ్ లాక్కుని తన ప్రోగ్రాములో పెట్టాడు. వాడి రెజ్యూమె టైటిల్ గడిలో వాడి సీనియర్ పేరుంది! సీనియర్ ఫైలు తెరిచి, పేరూ ఊరూ మార్చి, 'సేవ్ యాజ్' కొట్టాడు కుర్రాడు. అలా కొడితే లోపలి టైటిల్ మారదు. ఆ రెజ్యూమె అప్పటికే ఊళ్ళో ఉన్న కంపెనీలన్నీ తిరిగొచ్చింది.

అప్పట్నుంచీ బాబాయి చేతికి పెన్‌డ్రైవ్ ఇవ్వడమంటే వీధికి భయం. అద్దె అగ్రిమెంట్లూ, సెలవు చీటీలూ అన్నీ ఏదో ఒక పాత కాగితానికి పుట్టినవే. ఎవరిది ఏ గోత్రమో ఆయన ఇట్టే చెప్పేస్తాడు.

మొన్న మా కాలనీ సంఘం మాజీ కోశాధికారి పోయారు. సెక్రటరీ గారు సంతాప తీర్మానం పీడీఎఫ్ చేసి అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపారు. అబ్బాయి బ్రౌజర్‌లో తెరిస్తే పైన ఇలా కనిపించిందట: "సంఘము – కార్తీక వనభోజనములు – మిగిలిన పులిహోర – పంపకము – గురించి." వాక్యం చక్కగా కుదిరిందని సెక్రటరీ గారు బాబాయి రాసిన పాత ఉత్తరాన్నే నమూనాగా వాడుకున్నారు.

కార్యవర్గం అత్యవసరంగా కూచుంది. అందరూ ఆ అబ్బాయికి క్షమాపణ ఎలా చెప్పాలా అని తల పట్టుకున్నారు. బాబాయి బాధ వేరు. ఒకే విషయం కింద రెండు కాగితాలు నమోదు కావడం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు. పులిహోర ఫైలు ఎప్పుడో మూసేశాడు కూడా. అక్కడికక్కడే టైటిల్ చెరిపి, "సంఘము – మాజీ కోశాధికారి – మరణము – సంతాపము – గురించి" అని కొట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని సెక్రటరీ వంక చూశాడు.

"ఇక మూసెయ్యొచ్చా బాబాయిగారూ?" అన్నారాయన.

"మూసెయ్యి. ఆర్.డిస్. చేసేంత స్నేహం కాదు మనకి. డి.డిస్. రాసుకో, పదేళ్ళు విచారిద్దాం."